మడిచిపెట్టిన పచ్చ వైరు

మెషిన్ అబద్ధం చెప్పదు, మనిషే చెబుతాడు. ఈ మాట ఇరవై ఏళ్ళుగా పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా నేను అడుగుపెట్టిన ప్రతి ల్యాబులోనూ చెప్పాను. ఎవరైనా ‘మేమేం చేయలేదు సార్, దానంతటదే ఆగిపోయింది’ అంటే చాలు, నాకు ఒళ్ళు మండేది. దానంతటదే ఎలా ఆగుతుంది, దానికేమైనా జ్వరమొచ్చిందా అని అడిగేవాణ్ణి. నాకు ముక్కు మీద కోపం. అది మా నాన్న పోలిక అంటుంది మా ఆవిడ. ఆయన గోదావరి పక్క నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లూ ఆ కోపమూ రెండూ నాకు ఆయన దగ్గర నుంచే వచ్చాయి.

నా పని సెంట్రిఫ్యూజ్‌లు బాగుచేయడం. రక్తపరీక్షలు చేసే చోట బల్ల మీద మూత ఉన్న గుండ్రటి పెట్టె ఒకటి ఉంటుంది. రక్తం పట్టిన గొట్టాలను అందులో ఎదురెదురుగా పెట్టి గిర్రున తిప్పితే ఎర్రటిదంతా అడుక్కి పోయి పైన పసుప్పచ్చటి నీరు తేలుతుంది. పరీక్షలన్నీ ఆ నీటితోనే. లోపల ఉండేది ఒక మోటారు, ఒక బోర్డు, మూత తెరిచి ఉంటే తిరగనివ్వని స్విచ్చి. అంతే. శ్రద్ధగా పది మెషిన్లు విప్పితే ఎవరికైనా వచ్చే విద్య. నాకు మాత్రం గుండె ఆపరేషన్ చేసే డాక్టరంత గర్వం ఉండేది.

నేను చెప్పబోయేది పటాన్‌చెరులో హైవే పక్కన మేడ మీద ఉన్న ఒక చిన్న ల్యాబు సంగతి, అందులో పనిచేసిన ఒకామె సంగతి. ఆమెది సుల్తాన్‌పూర్ వైపు పల్లె. నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేవాణ్ణి. వ్యవసాయం చేసిన ఇల్లే గానీ భర్త పోయాక ఈ పనికి వచ్చింది. మొదట్లో నేల తుడిచి, గొట్టాలు కడిగి ఆరబెట్టేది. ఆమె శ్రద్ధ చూసి ల్యాబు ఇన్‌చార్జే సెంట్రిఫ్యూజ్ నడపడం నేర్పాడు. ఆమెకు చదువు రాదు, అంకెలు మాత్రం వచ్చు. రెండు గొట్టాలు రెండు చేతుల్లో పట్టుకుని ఏది బరువో చెప్పేసేది. త్రాసు మీద పెడితే అదే నిజమయ్యేది. ఎదురెదురు గొట్టాలు సమానంగా లేకపోతే ఆ మెషిన్ గడగడలాడి బల్ల మీద నుంచి దూకబోతుంది. ఆమె పెట్టిన గొట్టాలతో ఒక్కనాడూ అలా జరగలేదు. నేను సర్వీసుకు వెళ్తే, “సారూ, నా మెషిన్‌ను జెర మంచిగ సూడు” అనేది. ఎప్పుడూ నా మెషిన్ అనే అనేది.

ఆ ల్యాబులో చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. టెక్నీషియన్లకు లోపల తిరగడానికి రబ్బరు చెప్పులు వేరే ఉండేవి. ఆమెకూ ఒక జత ఇచ్చారు, వేసుకోలేదు. “మనుషుల రక్తం పెట్టే జాగ సారూ, గుడి అసుంటిది. చెప్పులేసుకొని ఎట్ల తిరుగుత?” అనేది. పొద్దున్నే నేలంతా తడిబట్ట పెట్టి, చేతులు కడుక్కుని, ఆ ఆరీ ఆరని నేల మీద ఉత్తకాళ్ళతో నిలబడి గొట్టాలు సర్దేది. మూత వేసి, స్విచ్చి నొక్కి, మోటారు వేగం అందుకోగానే మూతకున్న స్టీలు పిడి మీద కుడిచెయ్యి ఆనించి కళ్ళకద్దుకునేది. దుకాణం షట్టరు ఎత్తేవాడు చేసేదీ, బస్సు స్టీరింగు పట్టేవాడు చేసేదీ అదే. నేను చాలాసార్లు చూశాను, పట్టించుకోలేదు.

ఒక వేసవి చివర్లో ఫోన్ వచ్చింది. ఆ మెషిన్ వేయగానే ల్యాబు మొత్తానికి కరెంటు పోతోంది. వెళ్ళి చూశాను. కరెంటు దారితప్పి లీకైతే వెంటనే పడిపోయే ట్రిప్పర్ ఒకటి బోర్డులో ఉంటుంది, పడుతున్నది అదే. మోటారు చుట్ట పాతబడి, కరెంటు కొంత పెట్టె ఇనుప రేకులోకి వచ్చేస్తోంది. అక్కడి నుంచి పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, దాన్ని భూమిలోకి పంపిస్తోంది. అలా పోవడం కనిపెట్టి ట్రిప్పర్ పడుతోంది. అన్నీ తమ పని తాము సరిగ్గానే చేస్తున్నాయి. చేయాల్సింది ఒక్కటే, మోటారు మార్చడం. మోటారేమో ముంబై నుంచి రావాలి. ఆ రోజే ఏదో ఫ్యాక్టరీ కార్మికులందరికీ పరీక్షలట, బల్ల మీద గొట్టాలు బారులు తీరి ఉన్నాయి.

“ఎట్లన్న చేసి ఇయ్యాల నడిపియ్యండి సార్. శాన పరేషాన్ల ఉన్నం” అన్నాడు ఇన్‌చార్జి.

అప్పుడు నేను మా పనివాళ్ళందరికీ తెలిసిన, ఎవరూ పైకి చెప్పుకోని పని చేశాను. వెనక రేకు విప్పి, పచ్చ వైరు ఊడదీసి, మడిచి, కొసకు ఎర్ర టేపు చుట్టి లోపలే ఒక పక్కకు నొక్కేశాను. భూమిలోకి దారి మూసేస్తే ట్రిప్పర్‌కు కనిపెట్టడానికి ఏమీ ఉండదు. మెషిన్ హాయిగా తిరిగింది. నాలుగు రోజుల కోసం చేసే ఏ పనికైనా ఎర్ర టేపు చుట్టడం నా అలవాటు, మళ్ళీ విప్పినప్పుడు గుర్తుండాలని. ఇలాంటివి రిపోర్టులో రాయం. ‘సరిచేయడమైనది, మెషిన్ నడుస్తున్నది’ అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. ఆమె టీ తెచ్చిచ్చి, “నీ చెయ్యి మంచిది సారూ” అంది. ఆ మాటకు పొంగిపోయాను కూడా.

మోటారు కావాలని ఆఫీసులో కాగితం పెట్టాను. వాళ్ళేదో అడిగారు, ల్యాబువాళ్ళు జవాబివ్వలేదు, ఆ కాగితం మూలపడింది. నడుస్తున్న మెషిన్ గురించి ఎవరూ ఫోన్ చేయరు. నేనూ శుభ్రంగా మర్చిపోయాను.

వానలు పడ్డాక ఆ ల్యాబులో పొద్దున పూట కరెంటు పోవడం మొదలైంది. రోజూ కాదు. పోయిన రోజున మాత్రం కంప్యూటర్లు ఆరిపోయి, సగంలో ఉన్న పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చేది. కింద మెట్ల దాకా జనం నిలబడి తిట్టేవారట. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగు చూశాడు, ఏమీ దొరకలేదు. ఆమె మెషిన్ మీద చెయ్యి పెట్టినప్పుడే పోతోందని ఎవరో గమనించారు. ముందు నవ్వులాటగా అన్నారు, ‘నీ చెయ్యి మంచిది కాదమ్మా’ అని. ఆమె కూడా నవ్విందట. తర్వాత నవ్వడం మానేశారు. ఏటా దసరాకు ఆ ల్యాబులో మెషిన్లన్నీ తుడిచి పసుపూ కుంకుమా పెట్టేది ఆమే. ఆ ఏడు బొట్టు పెట్టబోతుంటే ఇన్‌చార్జి, “నువ్వు ఆగమ్మా, ఇంకొగలు పెడ్తరు” అన్నాడట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

దసరా పోయినా వానలు వదల్లేదు. నన్ను పిలిపించారు. వెళ్ళేసరికి ల్యాబంతా నిలబడి ఉంది. ఆమె మెషిన్ పక్కన గోడకు ఆనుకుని ఉంది, మొహం పీక్కుపోయింది. ఇన్‌చార్జి పరీక్ష పెట్టి చూపిస్తానన్నాడు. ముందు ఆమెను నడపమన్నాడు. ఆమె గొట్టాలు సర్ది, మూత వేసి, స్విచ్చి నొక్కి, ఎప్పటిలాగే పిడి మీద చెయ్యి ఆనించింది. టక్కుమని ట్రిప్పర్ పడింది. మళ్ళీ వేశారు. ఈసారి టెక్నీషియన్ నడిపాడు, పిడి పట్టుకుని ఊపి కూడా చూపించాడు. ఏమీ కాలేదు. ఇంకొకతను చేశాడు. ఏమీ కాలేదు.

“ఏంది సార్ గిది. ఆమె ముట్టుకుంటెనే ఎందుకు పోవాలె?” అన్నాడు ఇన్‌చార్జి.

ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. “సారూ, చెయ్యి పెట్టంగనే జుమ్మంటది. మోచెయ్యి దాన్క గుంజుతది. మొదట్ల భయమైంది. మెషిన్లంటె గట్లనే ఉంటయేమో అనుకున్న.”

ఇంతకన్నా విడమరిచి ఎవరు చెప్పగలరు? నేను వెళ్ళి పిడి పట్టుకున్నాను. నా కాళ్ళకు దళసరి అడుగున్న సేఫ్టీ షూ. సర్వీసువాళ్ళం షూ విప్పం, పైన ప్లాస్టిక్ సంచీ తొడుక్కుంటాం. నాకేమీ తెలియలేదు. “ఏం లేదక్కా, గాలి పొడిగా ఉంటే అలా చురుక్కుమంటుంది” అన్నాను. బయట వాన దంచుతోంది. జేబులో టెస్టర్ ఉంది. తీసి ఆ రేకుకు ఆనిస్తే వెలిగేది. తీయలేదు. వెనక రేకు నాలుగు స్క్రూలు, విప్పలేదు. పదిసార్లు నడిపి చూశాను, పదిసార్లూ నడిచింది. నా లెక్కలో మెషిన్ అబద్ధం చెప్పదు కదా.

రిపోర్టులో లోపానికి కారణం అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా వదలకూడదు. కారణం దొరకనప్పుడు మేమందరం రాసే మాట ఒకటుంది. ‘నడిపేవారి చేతి పొరపాటు’ అని రాశాను. మూత గట్టిగా వేస్తున్నట్టుంది, చూసుకోమని నోటితో కూడా చెప్పాను. “నేనేం గట్టిగ ఏసిన సారూ” అందామె. నేను సంచీ సర్దుకుని మెట్లు దిగాను.

ఐదు నెలల తర్వాత ఏడాది సర్వీసుకు వెళ్తే ఆమె చోట రబ్బరు చెప్పులు వేసుకున్న ఒక అమ్మాయి ఉంది. అక్క ఏదని అడిగాను.

“తీసేసినం సార్. మీరే రాసిస్తిరి గద” అన్నాడు ఇన్‌చార్జి. “ల్యాబు ఓనరు డాక్టర్ సారు మీ కాగితం చూసిండు. ఇగ ఆమె పోయినంక ఒక్కపారి గుడ పోలే కరెంటు.”

ఏడాది సర్వీసంటే వెనక రేకు విప్పాల్సిందే. విప్పాను. పచ్చ వైరు మడిచి ఉంది, కొసకు ఎర్ర టేపు. టేపు చివర కొంచెం లోపలికి మడిచి నొక్కి ఉంది, తర్వాత పీకడం తేలిక కావాలని నేను అలాగే నొక్కుతాను. అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఆ మెషిన్ రేకులో ఇన్నాళ్ళూ కరెంటు ఉంది. భూమిలోకి పోయే దారి నేను తీసేశాను. రబ్బరు వేసుకున్న వాళ్ళెవరికీ అది తెలియలేదు. వానలకు ఆరని తడి నేల మీద ఉత్తకాళ్ళతో నిలబడి, తడి చేత్తో దాన్ని ముట్టుకున్న మనిషి ఒక్కర్తే. ఆమె ఒంట్లోంచి అది నేలలోకి పోయింది. ఆ ట్రిప్పర్ పడిన ప్రతిసారీ ఆమె ప్రాణం నిలిచింది. దానికి మేం పెట్టిన పేరు చెయ్యి మంచిది కాకపోవడం.

ఆ రోజే మెషిన్ ఆపించాను, పట్టుబట్టి ముంబై నుంచి కొత్త మోటారు తెప్పించి వేశాను, పచ్చ వైరు కలిపాను. రిపోర్టులో ‘ఎర్త్ సరిచూడడమైనది’ అని రాశాను. అప్పుడు కూడా నిజం రాయలేదు. ఇరవై రోజులు ఎవరికీ చెప్పలేదు. అందరూ చేసేదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే అక్క టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డట్టు ఉండేది. ఏమైంది అని మా ఆవిడ అడిగితే ఆమె మీద అరిచాను. మర్నాడు బండి తీసుకుని సుల్తాన్‌పూర్ దారి పట్టాను. ఒకసారి వానలో అక్కను ఇంటి దగ్గర దించాను గనక ఇల్లు తెలుసు.

మధ్యాహ్నం రెండవుతోంది. ఎండలు ముదిరిన రోజులు. ఆమె ముందు గదిలో కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. మొహమంతా చెమట. నెత్తి మీద ఫ్యాన్ ఆగి ఉంది.

“ఫ్యాన్ వేసుకోలేదేం అక్కా, ఇంత ఉక్కగా ఉంటే?”

“కోడలొస్తది నాలుగింటికి. ఆమె ఏస్తది.”

“కరెంటు లేదా?”

“ఉన్నది.” మళ్ళీ కింద కూర్చుని చింతపండు తాంబాళం ముందుకు లాక్కుంది. “నేను ముడ్తలేను తమ్మీ. ల్యాబుల గట్లయె. ఇంటికొచ్చినంక టీవీ పోయింది, బోరు మోటరు కాలింది. నా చెయ్యి గసుంటిది. పిల్లల సంసారం, ఎందుకు చెప్పు.”

సారూ అనడం మానేసి తమ్మీ అంది. నేను చెప్పుకోవడానికి వచ్చాను, చెప్పేసి బరువు దించుకుని పోదామని వచ్చాను. ఆమె ఇంట్లో ఆమె ఫ్యాన్ స్విచ్చి ముట్టుకోవడం లేదని నాకు తెలియదు. ముందు లేచి స్విచ్చి బోర్డంతా టెస్టర్ పెట్టి చూశాను. అంతా బాగానే ఉంది. తర్వాత కూర్చుని మొత్తం చెప్పాను. పచ్చ వైరు, ఎర్ర టేపు, ఆమె ఉత్తకాళ్ళు, నా షూ, నేను రాసిన మాట, ఏదీ దాచలేదు. ఆమె గింజలు తీస్తూనే వింది.

“అయితే నేను సచ్చిపోదునా?” అని అడిగింది చివరికి.

“ఆ ట్రిప్పర్ పడకపోతే పోయేదానివే అక్కా.”

చేతులు ఆగాయి. తాంబాళం పక్కకు జరిపింది. తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

“ల్యాబుల చెప్పినవా?”

“ఇంకా లేదు.”

“మరి ముందుగాల నాకెందుకు చెప్పవడితివి తమ్మీ? ఆడ చెప్పాలె గద.”

గొంతులో కోపం కూడా లేదు. చెబుతానని ఒట్టేసి లేచాను.

మర్నాడే ల్యాబుకు వెళ్ళి ఇన్‌చార్జికి చెప్పాను. అతను చెడ్డవాడేం కాదు, విన్నంతసేపూ చెమట తుడుచుకున్నాడు. “ఇప్పుడు గవన్ని ఎందుకు సార్, అయిపోయింది గద. ఈ పిల్ల పని నేర్చుకున్నది. ఆమెను మళ్ల తెస్తే ఈ పిల్లనేం జెయ్యాలె?” అన్నాడు. రాసి కూడా ఇస్తానంటే మా మేనేజరు ఫోన్లో మండిపడ్డాడు. నోటితో చెప్పింది చాలదా, రాతపూర్వకంగా ఇవ్వమని నీకెవడు చెప్పాడన్నాడు. అయినా రాశాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి తెలుగులో రిపోర్టు రాశాను. ఒక కాపీ ల్యాబులో ఇచ్చి, ఇంకోదాని మీద ఇన్‌చార్జి చేత సంతకం పెట్టించుకున్నాను. నన్ను ఆ లైను నుంచి తీసి జోగిపేట వైపు వేశారు. ఆమె పని పోయింది, నాకు రోజూ ఇంకో గంట బండి ప్రయాణం పెరిగింది. నాకు పడిన శిక్ష అంతే.

ఆ ఆదివారం కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నమే, ఒక్కతే ఉంది, ఫ్యాన్ ఆగే ఉంది. చదివి వినిపించమంది. ‘మెషిన్‌లో ఎర్త్ వైరు నేనే తీసివేసితిని. కరెంటు పోవుటకు కారణము అదియే. నడిపిన ఆమె చేతి దోషము ఏమియు లేదు.’ ఇంకోసారి చదవమంది. చదివాను.

“చెయ్యి అన్నది ఏడ రాసినవ్?”

ఆమె వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టాను. ఆ అక్షరాలను వేలితో రెండుసార్లు నిమిరింది. కాగితం కళ్ళకద్దుకుని, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా దోపింది.

“మళ్ల పనికి పిలుస్తరా?”

“లేదక్కా. అడిగాను. వేరే అమ్మాయి ఉంది.”

తల ఊపింది. కొంగుతో మెడ తుడుచుకుంది. నేను స్విచ్చి బోర్డు వైపు చూశాను. ఆమె కూర్చున్న చోట తలకు మూరెడు పైన ఉంది.

“నీ చేత్తో ఒక్కసారి వెయ్యక్కా. నేనున్నాను కదా” అన్నాను.

ఆమె లేచింది. చెయ్యి కొంగుకు తుడిచింది, మళ్ళీ తుడిచింది, స్విచ్చి దాకా తీసుకెళ్ళింది. ఇంకో బెత్తెడు దూరంలో వేళ్ళు ముడుచుకుపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఛాతీకి ఆనించుకుంది.

“నువ్వే ఎయ్యి తమ్మీ” అంది.

లేచి వేశాను.